కషినోజాకి లైట్‌హౌస్ దగ్గర నార్మన్‌టన్ ఓడకు కూడా చోటివ్వండి: కుషిమోటో టౌన్ హాల్‌కు బహిరంగ లేఖ

కుషిమోటో మేయర్ గారికి, టౌన్ హాల్ సిబ్బందికి, కషినోజాకి లైట్‌హౌస్‌ను చూసుకుంటున్న కోస్ట్ గార్డ్ అధికారులకు,

నమస్కారం. నేను ఒసాకాలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఈ ఉత్తరం జపనీస్‌లో మీకు విడిగా పోస్టులో పంపుతున్నాను. నేను రాసినదాన్ని ఆఫీసులో ఒక మిత్రుడు కూర్చుని దిద్దిపెట్టాడు కాబట్టి చదవడానికి ఇబ్బంది ఉండదనే అనుకుంటున్నా. అదే సంగతి ఇక్కడ తెలుగులో అందరి ముందూ పెట్టడానికి ఒక కారణం ఉంది. ఒసాకా, కోబే, నగోయాల్లో ఉండే మావాళ్లు మూడు నాలుగు రోజులు సెలవులు కలిసొస్తే చాలు, కారు అద్దెకు తీసుకుని నాచి జలపాతం చూడ్డానికి బయల్దేరతారు, దారిలో హషిగుయి రాళ్ల దగ్గర ఆగి ఫొటోలు దిగుతారు, ఓపిక ఉంటే వంతెన దాటి మీ ఓషిమా దీవికీ వస్తారు. వాళ్లు కూడా ఇది చదవాలి, చదివి మీకు ఇంకో నాలుగు ఉత్తరాలు రాయాలి అని నా ఆశ.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను, చివరిదాకా సాగదీయడం ఎందుకు. మీ దీవి తూర్పు కొసన లైట్‌హౌస్ ఉన్న ఆ కొండ మీద, 1890లో మునిగిన టర్కీ ఓడ ఎర్తుగ్రుల్‌కు స్మారక స్తంభం ఉంది, మ్యూజియం ఉంది, ఆధునిక టర్కీని స్థాపించిన అటాటుర్క్ గుర్రమెక్కిన విగ్రహం ఉంది, దిష్టి తగలకుండా కట్టుకునే నీలం కన్ను పూసలు అమ్మే కొట్టు కూడా ఉంది. దానికి నాలుగేళ్ల ముందు, 1886లో, ఇదే తీరంలో, అంటే మీ ఊరున్న కీ ద్వీపకల్పం తీరంలో, నార్మన్‌టన్ అనే బ్రిటిష్ ఓడ మునిగింది. దానికి ఆ కొండ మీద ఇందులో పదో వంతు చోటు కూడా దక్కలేదు. అందులో చనిపోయిన 25 మంది జపనీస్ ప్రయాణికుల గురించి మీ పిల్లలు స్కూల్లో చదువుకుంటారు, బాగానే ఉంది. వాళ్లతో పాటు చనిపోయిన భారతీయ కలాసీల గురించి, అంటే ఓడ అడుగున బాయిలర్లలో బొగ్గు వేసే పనివాళ్ల గురించి, ఎత్తేవాళ్లే తక్కువ. లైట్‌హౌస్ దగ్గర ఆ ఓడకు, ముఖ్యంగా ఆ కలాసీలకు, ఒక బోర్డు పెట్టండి. అడుగుతున్నది ఇంతే.

ఎర్తుగ్రుల్‌కు చేసింది తగ్గించమని నేను అనడం లేదు. ఆ కథ వినే నేను మీ ఊరికి అభిమానినయ్యాను. మావాళ్లలో తెలియనివాళ్ల కోసం ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, మీకు నిద్రలో లేపినా చెప్పగలిగే కథ కాబట్టి ఈ భాగం దాటేసి కిందికి వెళ్లిపోయినా ఏమీ అనుకోను.

ఒట్టోమన్ సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ జపాన్ చక్రవర్తికి మర్యాదపూర్వకంగా కానుకలు పంపాలనుకుని ఎర్తుగ్రుల్ అనే చెక్క యుద్ధనౌకను పంపించాడు. అప్పటికే పాతబడిన ఓడ. 1889 జులైలో ఇస్తాంబుల్‌లో బయల్దేరితే యోకొహామా చేరేసరికి 1890 జూన్ అయింది. ఓడకు పెద్ద అయిన ఉస్మాన్ పాషా మెయిజీ చక్రవర్తిని కలిశాడు, కానుకలు ఇచ్చాడు, అంతవరకూ సజావుగానే నడిచింది. ఆ తర్వాత ఓడలో కలరా మొదలైంది, తిరుగు ప్రయాణం ఆలస్యమైంది, చివరికి సెప్టెంబర్ 15న, తుఫాన్ల రోజుల్లో, లంగరు ఎత్తారు. మర్నాడు రాత్రి మీ దీవి ముందున్న ఫునగోరా రాళ్లకు గుద్దుకుని, బాయిలర్లు పేలి, ఓడ ముక్కలైపోయింది. 500 మందికి పైగా పోయారు. 69 మంది బతికారు.

ఆ బతికినవాళ్లలో కొందరు చీకట్లో, వానలో, ఒంటి నిండా గాయాలతో, లైట్‌హౌస్ దీపం ఒక్కటే గుర్తుగా పెట్టుకుని నిట్టనిలువు గట్టు ఎక్కి వచ్చారు. లోపల డ్యూటీలో ఉన్న కాపలాదార్లకు ఆ వచ్చినవాళ్లు ఎవరో, ఏ దేశంవాళ్లో తెలియదు, వాళ్ల భాష వీళ్లకు రాదు, వీళ్ల భాష వాళ్లకు రాదు. అప్పుడు కాపలాదార్లు ఓడలు ఒకదానికొకటి సైగలు చేసుకోవడానికి వాడే అంతర్జాతీయ సిగ్నల్ పుస్తకం తీసి, అందులో దేశాల జెండాలున్న పేజీ తెరిచి చూపించారు. వచ్చినవాళ్లు టర్కీ జెండా మీద వేలు పెట్టారు. ఓడలన్నిటికీ దూరం నుంచి దారి చూపడమే పనిగా ఉన్న మనుషులు, ఆ రాత్రి ఎదురుగా నెత్తురోడుతున్న మనిషితో మాట్లాడటానికి అదే పుస్తకం వాడుకున్నారు. ఈ ఒక్క విషయం నన్ను వదల్లేదు, ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో.

ఊరివాళ్ల సంగతి సరేసరి. పేద జాలరి పల్లె. వాళ్ల దగ్గర ఉన్నది చిలగడదుంపలూ, పండగకో పబ్బానికో దాచుకున్న కోళ్లూ. అవన్నీ తెచ్చి వండిపెట్టారు. చలికి కొయ్యబారిపోతున్నవాళ్లను తమ ఒంటి వేడితో వెచ్చబెట్టారు. వైద్యం చేసిన డాక్టర్లను ఎంతయిందో చెప్పమంటే, మాకేమీ వద్దు, ఆ డబ్బు ఓడ ప్రమాదం పాలైన ఆ మనుషులకే ఇవ్వండి అని రాసి పంపారు. బతికిన 69 మందిని హియెయ్, కొంగో అనే రెండు జపాన్ యుద్ధనౌకలు ఇస్తాంబుల్ దాకా తీసుకెళ్లి 1891 జనవరిలో అప్పజెప్పాయి. ఆ మేలు టర్కీవాళ్లు మర్చిపోలేదు. 1985 మార్చిలో ఇరాన్-ఇరాక్ యుద్ధం మధ్య, గడువు దాటాక ఇరాన్ మీద ఎగిరే ఏ విమానాన్నైనా కూల్చేస్తామని సద్దాం ప్రకటించినప్పుడు, టెహ్రాన్‌లో ఇరుక్కుపోయిన జపాన్‌వాళ్లను తీసుకురావడానికి జపాన్ నుంచి విమానం రాకపోతే, టర్కీ ఎయిర్‌లైన్స్ విమానాలు వచ్చి 215 మందిని బయటికి తెచ్చాయి. ఇలాంటి కథకు స్తంభమూ మ్యూజియమూ కట్టకపోతే ఇంక దేనికి కడతాం?

ఇక లైట్‌హౌస్ సంగతికొస్తాను, నా మాటకు అసలు ఆధారం అక్కడే ఉంది. పైకెక్కడానికి బయటి నుంచి మీరు కట్టించిన మెలికల మెట్లు చాలా సౌకర్యంగా ఉన్నాయి, అందుకు థాంక్స్. పైకెళ్లి నిలబడితే మూడు వైపులా పసిఫిక్ మహాసముద్రమే, కింద నురుగు కక్కుతున్న రాళ్లు, దూరంగా వరసగా సరుకుల ఓడలు. యోకొహామా నుంచి కోబేకు వెళ్లే ఓడ ఏదైనా ఈ కొసను చుట్టి పోవాల్సిందే, అందులోనూ కురోషియో ప్రవాహం ఈ కొస ముందు నుంచే ఎదురు తోసుకుంటూ పోతుంది. ఇప్పుడైతే రాడార్లు, జీపీఎస్‌లు ఉన్నాయి. 1860ల్లో ఈ తీరమంతా రాత్రిపూట కటిక చీకటి, అక్కడక్కడా నెగళ్ల లాంటి పాతకాలపు దీపాలు తప్ప.

ఆ చీకటి మీద మొదట గోల పెట్టింది జపాన్‌తో వ్యాపారం చేస్తున్న పరదేశీలు. 1866లో బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, నెదర్లాండ్స్ కలిసి షోగున్ ప్రభుత్వం చేత ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నాయి. అందులో సుంకాలు తగ్గించాలన్న షరతుతో పాటు, ఓడలు భద్రంగా తిరగడానికి లైట్‌హౌస్‌లు కట్టాలన్న షరతు కూడా ఉంది. అలా మొదట ఒప్పుకున్న 8 చోట్లలో కషినోజాకి ఒకటి, ఎదురుగా ప్రధాన భూభాగం మీదున్న షియోనోమిసాకి ఇంకొకటి. కట్టడానికి బ్రిటన్ నుంచి పిలిపించిన ఇంజనీరు రిచర్డ్ హెన్రీ బ్రంటన్. స్కాట్లండ్‌వాడు, అప్పటిదాకా రైలు మార్గాల పని చేసినవాడు. ఎడిన్‌బరోలో లైట్‌హౌస్‌లకు పేరుమోసిన స్టీవెన్‌సన్ కుటుంబం దగ్గర కొద్ది నెలలు పని నేర్చుకుని, 1868 ఆగస్టులో, పాతికేళ్లు దాటీ దాటని వయసులో, యోకొహామాలో దిగాడు. ఎనిమిదేళ్లలో 26 లైట్‌హౌస్‌లు కట్టించి వెళ్లాడు. ఈ రోజుల్లో మేం ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఎనిమిదేళ్లు లాగి కూడా లైవ్ చేయలేని సందర్భాలున్నాయి, ఆ మాట పక్కన పెడదాం.

బ్రంటన్ కట్టించినవాటిలో మొట్టమొదట వెలిగింది మీదే, 1870 జులైలో. జపాన్‌లో తొలి రాతి లైట్‌హౌస్, తిరుగుతూ మెరిసే దీపం పెట్టిన తొలి లైట్‌హౌస్ కూడా. గోపురం మొదట పొట్టిగా ఉండేది, 1954లో ఎత్తు పెంచారు. పక్కనే కాపలాదార్లు ఉండటానికి కట్టిన రాతి క్వార్టర్స్‌ను మీరు బాగుచేయించి జనానికి చూపిస్తున్నారే, నాకు లైట్‌హౌస్ కంటే అదే ఎక్కువ నచ్చింది. అందులో తలుపుల మీద మామూలు కలపకు రంగు వేసి, ఆ రంగులోనే కుంచెతో గీతలు తీసి, ఖరీదైన కలపలా కనిపించేట్టు చేసిన పనితనం ఉంది. మొహం దగ్గరగా పెట్టి చూస్తే తప్ప పెయింట్ అని తెలియదు. చలిమంట గూళ్లు, దిట్టమైన గోడలు, కిటికీలోంచి సముద్రం. బ్రిటిష్ కాపలాదార్లు ఇక్కడ ఉండి జపాన్‌వాళ్లకు దీపం పని నేర్పించారు. ఆ పని నేర్చుకున్నవాళ్ల తర్వాతి తరమే ఎర్తుగ్రుల్ రాత్రి ఆ పుస్తకం తెరిచింది.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ దీపం వెలిగింది జాలరుల కోసం కాదు, వ్యాపారపు ఓడల కోసం, అందులోనూ ముఖ్యంగా బ్రిటిష్ ఓడల కోసం. మరి 1886 అక్టోబర్ 24న ఏం జరిగింది? అచ్చంగా అలాంటి ఓడే, నార్మన్‌టన్, యోకొహామాలో సరుకుతో పాటు 25 మంది జపనీస్ ప్రయాణికులను ఎక్కించుకుని కోబేకు వెళ్తూ, కషినోజాకి చుట్టి పోవాల్సిన దారిలో, గాలివానకు చిక్కి రాళ్లకెక్కి మునిగిపోయింది. కెప్టెన్ జాన్ విలియం డ్రేక్, ఆయన యూరోపియన్ సిబ్బంది పడవల్లోకి దిగి బయటపడ్డారు. ప్రయాణికుల్లో ఒక్కరూ బయటపడలేదు. 25కి 25 మంది పోయారు. ఓడ అడుగున ఉన్న భారతీయ కలాసీలూ పోయారు.

పడవల్లోకి రమ్మని చెప్పాం, వాళ్లకు ఇంగ్లిష్ అర్థం కాలేదు, అందుకే రాలేదు అన్నాడు కెప్టెన్. మునుగుతున్న ఓడలో, పక్కన మనుషులు పడవల్లోకి దూకుతుంటే, ఎటు పోవాలో తెలుసుకోవడానికి ఇంగ్లిష్ రావాలా! అయినా కోబేలోని బ్రిటిష్ కాన్సులేట్ జరిపిన విచారణలో ఆయన తప్పేమీ లేదని తేల్చారు. అప్పటి ఒప్పందాల ప్రకారం జపాన్ నేల మీదైనా సరే బ్రిటిష్‌వాడి కేసు బ్రిటిష్ కాన్సులేట్ కోర్టే వినాలి, జపాన్ కోర్టులకు అందులో వేలు పెట్టే అధికారం లేదు. దేశమంతా భగ్గుమంది. పత్రికలు రాశాయి, చందాలు పోగయ్యాయి, ప్రభుత్వం ఒత్తిడి తెచ్చి యోకొహామాలో కేసు మళ్లీ వేయించింది. అక్కడ పడిన శిక్ష మూడు నెలల జైలు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు నష్టపరిహారం పైసా లేదు. ఆ కోపం ఊరికే పోలేదు. ఒప్పందాలు మార్చి తీరాలన్న పట్టుదల జనంలో పెరగడానికి ఇదొక పెద్ద కారణమైంది. 1894లో బ్రిటన్‌తో కొత్త ఒప్పందం కుదిరి, 1899 నుంచి ఆ పరదేశీ కోర్టులు పోయాయి.

ఇప్పుడు ఈ రెండు ఓడలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇదే తీరం, నాలుగేళ్ల తేడా, రెండూ తుఫానులే. ఒక ఓడలో పరాయి దేశపు నావికులకు మీ ఊళ్లు అన్నం పెట్టాయి. ఇంకో ఓడలో ప్రయాణికులను వదిలేసి పడవలు ముందుగా పోయాయి. ఒకదానికి స్తంభం, మ్యూజియం, అయిదేళ్లకోసారి అధికారికంగా పెద్దయెత్తున స్మృతి సభ. మరోదానికి చరిత్ర పుస్తకంలో ఒక కార్టూన్, పరీక్షలో ఒక ప్రశ్న. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటాం మేం. కావాలని చేశారని అనడం లేదు. మంచి జరిగిన కథ చెప్పుకోవడం ఎవరికైనా సులువు, టూరిస్టుకు వినడమూ సులువు. కానీ లైట్‌హౌస్ కట్టిందే ఓడలు మునుగుతాయని కదా, అక్కడికి వచ్చినవాళ్లు ఒక్క ఓడ కథే విని పోతే, అదీ అందరూ మంచివాళ్లయిన కథే విని పోతే, సగమే విన్నట్టు.

మీవాళ్లకు ఇందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదని కూడా గుర్తు చేస్తాను. నార్మన్‌టన్ నుంచి పడవల్లో కొట్టుకొచ్చిన కెప్టెన్‌నూ, సిబ్బందినీ ఒడ్డుకు చేర్చి, బట్టలిచ్చి, తిండి పెట్టింది కూడా ఈ కీ తీరంలోని జాలరి పల్లెలవాళ్లే. వాళ్లు వదిలేసి వచ్చింది ఎవరినో అప్పటికి ఈ పల్లెలకు తెలియదు, తెలిసినా పెట్టకుండా ఉండేవారా అంటే అనుమానమే. అంటే 1890లో ఎర్తుగ్రుల్‌వాళ్లకు చేసింది కొత్తగా పుట్టుకొచ్చిన మంచితనం కాదు, ఈ తీరానికి ముందు నుంచీ ఉన్న అలవాటే. మీ మ్యూజియం చెప్పదలుచుకున్నది కూడా అదే అయితే, నార్మన్‌టన్ కథ దానికి అడ్డం రాదు, బలమిస్తుంది.

ఇక కలాసీలు. నేను ఇంత పట్టుపట్టడానికి వాళ్లే కారణం, అందులో కొంత సొంత గోల కూడా ఉంది. మా చిన్నాన్న విశాఖపట్నం నుంచి వెళ్లి కార్గో షిప్పుల్లో ఇంజన్ రూములో ఆయిలర్‌గా చాలాకాలం పనిచేశారు. మా వైపు విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు ఇప్పటికీ ఆ పనులకు వెళ్తూనే ఉంటారు. చిన్నప్పుడు ఆయన సెలవు మీద ఇంటికొస్తే, సముద్రం మీద రాత్రిపూట లైట్‌హౌస్‌లు ఎలా ఉంటాయి చిన్నాన్నా అని అడిగేవాళ్లం. నేనెక్కడ చూశానురా, మేముండేది కింద, పైనెవడో వచ్చి ఫలానా లైట్ కనపడిందిరోయ్ అని చెబితే తెలుస్తుంది, అనేవారు. ఇంజన్ రూములో ఆ మోతకు పక్కవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గర అరవాలట, చొక్కా పిండితే చెమట ధారగా కారేదట. అది ఏసీ కంట్రోల్ రూము, డీజిల్ ఇంజన్ ఉన్న కాలం సంగతి.

1886లో ఆవిరి ఓడ అంటే బాయిలర్ ముందు నిలబడి పారతో బొగ్గు ఎత్తి పోయడం, కణకణమండే బూడిద గీకి బయటికి లాగడం, దాన్ని బకెట్లలో పైకి చేరవేయడం, నాలుగేసి గంటల డ్యూటీలు. బ్రిటిష్ ఓడల్లో ఆ పనికి భారతీయ కలాసీలను వేలల్లో పెట్టుకునేవాళ్లు. తెల్ల నావికుడికిచ్చే జీతం కంటే బాగా తక్కువ, ఒప్పందం కూడా వేరే. ఓడ రాళ్లకెక్కితే ముందు నీళ్లొచ్చేది వాళ్ల కాళ్ల కిందికే. పైన పడవలు దించుతున్నారని తెలియాలన్నా ఎవరో ఒకరు నిచ్చెన దిగొచ్చి చెప్పాలి. కషినోజాకి దీపం ఎంత బాగా వెలిగినా ఆ వెలుతురు వాళ్లదాకా వచ్చే దారి లేదు, వాళ్లు నమ్ముకోవాల్సింది పైనున్న మనుషులనే. ఆ రోజు పైనున్న మనుషులు ఏం చేశారో చూశాం.

పైగా వాళ్లది రెండు వైపులా చెడ్డ బతుకు. జపాన్ పత్రికలకు కోపం తమ 25 మంది కోసం, అది న్యాయమే. బ్రిటన్‌కు తన కెప్టెన్ పరువు ముఖ్యం. కలాసీలేమో బ్రిటిష్ పాలన కింద ఉన్న దేశంవాళ్లు, వాళ్ల తరఫున అడగడానికి సొంత ప్రభుత్వం లేదు, కాన్సులేట్ లేదు. ఎర్తుగ్రుల్‌వాళ్లను మోసుకెళ్లడానికి ఒకటికి రెండు యుద్ధనౌకలు వెళ్లాయి. వీళ్ల కోసం ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు.

మీకు రాగల అభ్యంతరాలు నాలుగు ఊహించగలను. నార్మన్‌టన్ మీ కొండ కిందే మునగలేదు కదా అంటారేమో, నిజమే, ఎర్తుగ్రుల్ మునిగినచోటు స్తంభం దగ్గర నిలబడితే కనిపిస్తుంది, ఇది అలా కాదు. కానీ లైట్‌హౌస్ అనేది తన కింది రాళ్లకు మాత్రమే కాపలా కాదు, ఆ దారిన పోయే ఓడలన్నిటికీ కాపలా, ఈ ఓడ ఆ దారిదే. బ్రిటన్‌తో స్నేహానికి ఇబ్బంది అంటారా, 1886 సంగతి బోర్డు మీద రాస్తే ఇప్పుడు బాధపడే బ్రిటిష్‌వాడు ఎవరున్నారు, మీ స్కూలు పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే కదా. హాయిగా తిరగడానికి వచ్చినవాళ్ల మూడ్ పాడవుతుందంటారా, 500 మంది చనిపోయిన ఓడ స్మారకం పక్కనే వాళ్లు ఐస్‌క్రీమ్ తింటున్నారు, మనుషులు రెండూ చేయగలరు. ఇంక డబ్బు.

డబ్బు సంగతి మాకొదిలేయండి. కాన్సాయ్‌లో, అంటే ఈ ఒసాకా, కోబే ప్రాంతంలో ఉండే భారతీయులం ఒక బోర్డుకు సరిపడా చందాలు వేసుకోలేనంత తక్కువమందిమి కాదు. నార్మన్‌టన్ చేరాల్సిన కోబేలోనే చాలా కాలంగా స్థిరపడిన భారతీయ వ్యాపార కుటుంబాలున్నాయి. 1935లో అక్కడ కట్టిన మసీదుకు కూడా భారతీయ వ్యాపారులు చందాలిచ్చారు. అడిగితే కాదనరు. ఇంకో మాట, ఈ మధ్య మీ ఊళ్లో రాకెట్ లాంచ్‌ప్యాడ్ వచ్చాక కైరోస్ ఎగురుతుందంటే చాలు జనం విరగబడి వస్తున్నారు. 2024లో రెండుసార్లు ప్రయోగం ఫెయిలైనా ఆ హుషారు తగ్గలేదు. మాలో ఇంజనీర్లు ఎక్కువ కాబట్టి మావాళ్లు కూడా వస్తారు. లాంచ్ వాయిదా పడిన రోజు వాళ్లందరికీ తిరగడానికి ఒక చోటు కావాలి. మీ టూరిజంవాళ్లు ఇది ఆలోచించాలి.

చోటు విషయంలో నా సలహా అడిగితే, కొత్తగా స్తంభాలేవీ అక్కర్లేదు. ఆ పాత రాతి క్వార్టర్స్ ఉంది కదా, అక్కడ పెట్టండి. 1866 ఒప్పందం వల్ల పుట్టిన ఇల్లు అది. దీపం ఎందుకొచ్చింది, ఎవరి ఓడల కోసం వచ్చింది, ఆ ఒప్పందాల రోజుల్లో మునిగిన ఓడకు న్యాయం ఎలా జరిగింది, ఈ మూడూ ఒకే గోడ మీద చెప్పొచ్చు. లోపల కుదరదంటే లైట్‌హౌస్‌కు వెళ్లే దారి పక్కన చాలు. జపనీస్‌లో, ఇంగ్లిష్‌లో రాయండి, మూడో భాషగా మా దేశపు భాష ఒకటి పెడితే సంతోషం. తెలుగే పెట్టమని పట్టుపట్టను, వాళ్లు తెలుగువాళ్లని నేను చెప్పుకోవడం లేదు. ఆ రోజుల్లో బ్రిటిష్ ఓడల్లోకి బెంగాల్ నుంచి, గుజరాత్ నుంచి, కొంకణ్ నుంచి, పంజాబ్ నుంచి, అన్ని వైపుల నుంచీ వెళ్లేవాళ్లు. హిందీ అయినా, ఉర్దూ అయినా, బెంగాలీ అయినా మాకు ఒకటే.

పని తేలికవుతుందని బోర్డు మీద రాయడానికి ఒక ముసాయిదా కూడా పెడుతున్నాను:

“1886 అక్టోబర్ 24న యోకొహామా నుంచి కోబేకు వెళ్తున్న బ్రిటిష్ ఓడ నార్మన్‌టన్ కీ తీరంలో తుఫానుకు చిక్కి మునిగింది. కెప్టెన్, యూరోపియన్ సిబ్బంది పడవల్లో బయటపడ్డారు. ఈ తీరంలోని పల్లెలవాళ్లు వాళ్లను ఆదుకున్నారు. 25 మంది జపనీస్ ప్రయాణికులు, ఓడ అడుగున బాయిలర్ల దగ్గర పనిచేస్తున్న భారతీయ కలాసీలు చనిపోయారు. కెప్టెన్‌కు బ్రిటిష్ కాన్సులేట్ కోర్టు మూడు నెలల జైలు శిక్ష వేసింది. ఆ దారిలో వెళ్లే ఓడల కోసం ఈ లైట్‌హౌస్‌ను 1870లో వెలిగించారు.”

మాటలు మీ పద్ధతి ప్రకారం మార్చుకోండి, కుదించుకోండి, మీ చరిత్రకారులకు చూపించి సరిచేయించండి. కలాసీలను మాత్రం సిబ్బందిలో కొందరు అని కలిపేయకండి, ఏ పని చేసేవాళ్లో, ఏ దేశంవాళ్లో రాయండి. కాదని నిర్ణయిస్తే ఎందుకు కాదో ఒక్క ముక్క రాసినా చాలు, మళ్లీ అడుగుతాం. అవునంటే తేదీ ముందుగా చెప్పండి, కురోషియో ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు బుక్ చేసుకుని మేం పదిమందిమి వచ్చేస్తాం. కుర్చీలు వేయడం, మైకు సర్దడం, అందరికీ టీలు అందించడం మా అసోసియేషన్ ఉగాదులకు చేసీ చేసీ మాకు బాగా అలవాటైన పనులే.

ఇట్లు,
ఒసాకా నుంచి ఒక తెలుగువాడు